రాజ్యం పాకకి రెండు వాలుల కప్పు

తలుపుకి ఇరవై ఆరు రోజులు. ఒరుగు: సున్న.

ఇవాళ పొద్దున్నే తూనికల ఆఫీసరు మా పెరట్లోకి వచ్చి, నా గేదెని ఎగాదిగా చూసి, "పాకకి రెండు వాలుల కప్పు వెయ్యకపోతే దీన్ని మంద ఓడకి పంపించేస్తామండి" అన్నాడు. పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పినంత తేలిగ్గా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మొహం మీద అనగలిగినవి అనేశాను, అనలేనివి ఈ పుస్తకంలో రాసుకుంటున్నాను.

ఆఫీసరు పేరు ధనుంజయ. ముప్ఫై ఏళ్ళుంటాయి. యాభై రెండు కిలోలు. మా కాలనీలో మనిషి పేరు మరిచిపోయినా బరువు మరిచిపోరు. తెప్పల మీద బతికేవాళ్ళకి ఎదుటివాడు ఎంత తూగుతాడో తెలియకపోతే టీ కప్పు కూడా నిలవదు.

నిజానికి తప్పు మాదే. మా పాకది బల్లపరుపు కప్పు. పోయిన ఏడాది వానలకి దాని మీద నీళ్ళు నిలిచాయి, తోడే మర మొరాయించింది, పెరటి తెప్ప పడమటికి నాలుగు వేళ్ళు కుంగింది. మూడు వేళ్ళు దాటితే ఒరుగు గంట మోగుతుంది. ఆ మోతకి పదహారో వరస మొత్తం లేచి కూర్చుంది. రాజ్యం, అంటే మా గేదె, అంచుదాకా జారిపోయింది. నేనూ మా ఆయన త్రిమూర్తులూ దాని తలుగు పట్టుకుని వేలాడాం. అందుకే ఈ ఏడు సంఘంవాళ్ళు పశువున్న ప్రతి పాకకీ నీళ్ళు నిలవని కప్పు ఉండాలన్నారు. సముద్రపు గోడకి తలుపులు మూసేలోగా అయిపోవాలట. తలుపులు పడ్డాక రెండు నెలలు వానే వాన.

"అయ్యా, రెండు వాలుల కప్పు మీరెప్పుడైనా చూశారా?" అని అడిగాను.

"బొమ్మలో చూశానండి."

"నేను బొమ్మలో కూడా చూళ్ళేదు. మరెవరు వేస్తారు?"

"అది మా శాఖ కాదండి" అని రిజిస్టరు మూశాడు. "కదుల్తున్నానండీ" అని మర్యాదగా చెప్పి, మా ఆయన ఇటు జరిగాక అటు దిగి వెళ్ళిపోయాడు. పెంపకం మంచిదే, బుద్ధే ఆఫీసుది.

మంద ఓడ సంగతి నాకు తెలుసు. అక్కడ పశువులు వరసగా నిలబడి ఉంటాయి, పొదుగులకి గొట్టాలుంటాయి, ఒక్కదానికీ పేరుండదు. రాజ్యం ఇప్పుడు నిండు చూలు. తెప్పకి ఒక్క పశువే అని చట్టం కాబట్టి ఈనిన మూడో రోజుకి దూడని ఎలాగూ తీసుకుపోతారు. పోయినసారి తీసుకుపోతే రాజ్యం పందొమ్మిది రోజులు అరిచింది. ఆ పందొమ్మిది రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. ఈసారి తల్లిని కూడా అడుగుతున్నారు. ఇవ్వను. రాసి పెట్టుకుంటున్నాను, ఇవ్వను.

తలుపుకి ఇరవై అయిదు రోజులు. ఒరుగు: తూర్పుకి ఒక వేలు (మా ఆయన పడుకున్నాడు).

కప్పు వెయ్యడం తెలిసిన మనిషి దొరికాడు. బంగారాచారిగారు. ఎనభై ఆరేళ్ళు. మా వరసల్లో నేల మీద పుట్టినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. నేలంటే ఎలా ఉండేదని పిల్లలు అడిగితే, "కదిలేది కాదర్రా" అంటాడు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పడు.

ఆయనకున్న ఒకే ఒక్క దుర్గుణం ఏమిటంటే, కదిలేటప్పుడు చెప్పడు. తెప్ప మీద పుట్టిన పసిగుడ్డు కూడా మాటలొచ్చాక మొదట నేర్చుకునేది "కదుల్తున్నా" అనడమే. ఈయన తెప్ప ఎక్కి డెబ్భై ఏళ్ళయినా నేర్చుకోలేదు. నేను కప్పు మాట ఎత్తగానే చటుక్కున లేచి నిలబడ్డాడు, నా టీ కాస్తా బల్ల మీదా ఒళ్ళోనూ ఒలికింది.

"మా నాన్నతో కలిసి వాసం ఎత్తి డెబ్భై ఏళ్ళయింది అమ్మాయ్" అన్నాడు. బల్ల మీద ఒలికిన టీలోనే వేలు ముంచి గీసి చూపించాడు. రెండు వైపులా గుంజలు. గుంజల మీద పట్టెలు. వాటి మీదనుంచి ఏటవాలుగా పైకి వెళ్ళే వాసాలు. నడుమ వాసాల తలలు కలిసేచోట పొడుగునా వెన్నుదూలం. ఎంత వాన పడినా సగం అటు, సగం ఇటు జారిపోతుంది. అంతే. ఇంతోటి దానికి ఇన్నాళ్ళూ మేం నీళ్ళు తోడుకుంటూ కూర్చున్నామా అనిపించింది.

"ఒక్క షరతు" అన్నాడు. "నేను చెప్పినట్టు కట్టాలి. మీ తెప్పోళ్ళ తెలివితేటలు నా దగ్గర చూపించకూడదు."

తలుపుకి ఇరవై ఒక్క రోజులు. ఒరుగు: సున్న.

సామాను చేరింది. వాసాలకీ గుంజలకీ వెదురు, మా వెదురు తెప్పదే. వెన్నుదూలానికి పాత పడవ తెరచాప కొయ్య, బెత్తెడు మందం, ఉప్పునీళ్ళు తాగి ఇనుములా ఉంది. పైన పరవడానికి నాచు పలకలు. వెదురు ఈ ఏటికి ఇంతే, ఇంకో గెడ కావాలన్నా వానలయ్యాకే.

పక్క తెప్ప భూలోకమ్మ వచ్చి సామాను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తొంభై ఆరు కిలోలు. ఆవిడ ప్రదక్షిణం చేస్తే తెప్ప కూడా చేస్తుంది.

"అయితే ఒదినా, జున్ను ఎప్పుడెడతావ్?" అంది.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. కప్పు లేదు, గేదె ఉంటుందో లేదో తెలీదు, నీకు జున్ను కావాలా?"

"సూలుంది కదా ఒదినా" అంది. ఆవిడతో నెగ్గలేం.

ఆఫీసునుంచి కాగితం కూడా వచ్చింది. ఇలాంటి కప్పుకి మా సంఘం దగ్గర నిబంధనలేవీ లేకపోతే, నేల కాలపు పుస్తకం ఏదో వెతికి అందులోంచి ఎత్తి రాశారు. నీళ్ళు కారకూడదు. బరువుకి ఊగకూడదు. ప్రతి గుంజా గుండుకి నిటారుగా నిలవాలి. గుండు అంటే ఏమిటో మాకెవరికీ తెలీదు. ఆచారిగారు కాగితం చదివించుకుని, జేబులోంచి దారానికి వేలాడే ఇత్తడి గుండొకటి తీసి, ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

తలుపుకి పద్దెనిమిది రోజులు. ఒరుగు: పడమటికి రెండు వేళ్ళు.

తూర్పు వైపు గుంజలు మూడూ నిలబెట్టాం. పని మొదలెట్టేముందే ఒక గొడవ. మేం గుంజ పాతితే మూలమట్టం పెడతాం. తెప్ప బల్లకి ఒక రెక్క ఆనించి, రెండో రెక్కకి గుంజ ఆనితే సరి. మా తాతలూ అలాగే కట్టారు. ఆచారిగారు నా మూలమట్టం లాక్కుని పక్కన పడేశాడు.

"బల్లని నమ్మి కట్టేవాడు వడ్రంగి కాదు. గుండు పైనుంచి కిందకి సత్యం చెబుతుంది. గుండు అబద్ధమాడదు అమ్మాయ్."

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. పైగా ఆఫీసు కాగితం కూడా గుండే అంటోంది. సరేనన్నాను.

రాజ్యం తూర్పున నిలబడి వెదురు నాకుతూ పనికి అడ్డం వస్తుంటే, పడమటి అంచుకి తీసుకెళ్ళి తవుడు పెట్టి కట్టేశాను. నాలుగు వందల కిలోలు. అటు వెళ్ళగానే తెప్ప రెండు వేళ్ళు అటు కుంగింది. అది మాకు రోజూ ఉండేదే, ఎవరూ పట్టించుకోలేదు. ఆచారిగారు గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి, "ఇటు... ఇంకాస్త... ఆఁ, ఆపు!" అంటూ గుంజలు నిలబెట్టించాడు. మా ఆయన తెప్ప జిగురు పోశాడు. ఆ జిగురు రేపటికి రాయైపోతుంది, ఇక గొడ్డలికి కూడా లొంగదు.

తలుపుకి పదిహేడు రోజులు. ఒరుగు: తూర్పుకి రెండు వేళ్ళు.

పడమటి గుంజలు మూడూ అయ్యాయి. రాజ్యాన్ని ఇవాళ తూర్పు అంచున కట్టేశాను. మా ఆయన మధ్యాహ్నం భుజం నొప్పని పడుకున్నాడు. జిగురు డబ్బా ఎత్తడానికి రాని నొప్పి ఖాళీ డబ్బా కడగమనగానే వచ్చింది.

ఆచారిగారు ఇవాళ పాట కూడా పాడాడు. మాట అర్థం కాలేదు గానీ, నేల మీది పాట అని తెలుస్తూనే ఉంది. తాళం ఊగడం లేదు.

తలుపుకి పన్నెండు రోజులు. ఒరుగు: నాకు తెలీదు, నేను చూడలేదు.

కొంప మునిగింది. ఈ మాట మా కాలనీలో ఊరికే అనకూడదు, అయినా అంటున్నాను.

వాసాలన్నీ ఒకే కొలతకి కోసి ఉంచాం కదా. ఇవాళ మొదటి జత ఎత్తాం. తూర్పు వాసం ఎక్కింది, పడమటి వాసం ఎక్కింది, రెండూ నడుమ కలవాలి. కలవలేదు. బెత్తెడు సందు. రెండో జత ఎత్తాం, అక్కడా బెత్తెడే. అయిదు జతలూ ఎత్తాం. అలిగిన మొగుడూ పెళ్ళాల్లా ఏ జతకా జత తలలు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాయి.

"కొలత తప్పుంటుంది" అన్నాడు మా ఆయన.

"నా కొలతా?" అని ఆచారిగారు లేచాడు. చెప్పకుండానే లేచాడు, మా ఆయన నిచ్చెనమీద ఊగిపోయాడు. వాసాలు దించి మళ్ళీ కొలిచాం. కొలత సరిగానే ఉంది. ఆచారిగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. గుండు జేబులో పెట్టుకుని, "చేతులు పోయాయమ్మా నాకు, చేతులు పోయాయి" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ ఆ నడక చూసి ఊరుకున్నాను.

తర్వాత పాకలో రాజ్యం పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అది నా జాకెట్టు చెయ్యి నాకుతూ కూర్చుంది. పన్నెండు రోజులు, వెదురు లేదు, గుంజలు కదలవు.

తలుపుకి పదకొండు రోజులు. ఒరుగు: రెండు వేళ్ళు పడమటికి, తర్వాత రెండు వేళ్ళు తూర్పుకి. కావాలనే.

దొంగ దొరికింది. దొంగకి నాలుగు కాళ్ళూ రెండు కొమ్ములూ ఉన్నాయి.

పొద్దున ఆచారిగారు మొహం వేలాడేసుకుని పనిముట్లు తీసుకుపోవడానికి వచ్చాడు. పోయేముందు మనసు ఒప్పక తూర్పు గుంజకి గుండు వేలాడదీసి చూశాడు. రాజ్యం అప్పుడు పడమట ఉంది. గుండు గుంజని రాసుకుంటూ తిన్నగా వేలాడింది. "చూడు! నా తప్పేముంది?" అన్నాడు. సరిగ్గా అప్పుడే నేను కుడితి గంగాళం తూర్పున పెట్టాను. రాజ్యం నిదానంగా నడిచి ఇటు వచ్చింది. తెప్ప ఇటు కుంగింది. మా కళ్ళ ముందే గుండు గుంజని వదిలేసి, మెల్లగా బయటికి జరిగి, గుంజకి ఎడంగా వేలాడింది.

ఇద్దరం ఒకేసారి గేదె వంక తిరిగాం.

రాజ్యాన్ని మళ్ళీ పడమటికి తోలాను, గుండు తిరిగి వచ్చి గుంజకి ఆనింది. తూర్పుకి తోలాను, జరిగింది. పడమటి గుంజల దగ్గర చూస్తే అంతా తారుమారు. గేదె తూర్పున ఉంటేనే అవి నిటారు. తూర్పున పని చేసిన రోజు గేదెని పడమట కట్టాం, పడమట పని చేసిన రోజు తూర్పున కట్టాం. అడ్డం రాకూడదని చేసిన పని! ఒరిగిన తెప్ప మీద ఒకసారి ఇటు, ఒకసారి అటు గుండు చూసి నిలబెట్టేసరికి, రెండు వరసల గుంజలూ తలలు వెనక్కి వాల్చి నిలబడ్డాయి. వాసాలు ఎలా కలుస్తాయి?

ఆయనకి గుండు తెలుసు, తెప్ప తెలీదు. నాకు తెప్ప తెలుసు, గుండు తెలీదు. గేదెకి రెండూ అక్కర్లేదు.

ఆచారిగారు ముందు నవ్వాడు, తర్వాత కూర్చుండిపోయి ఇంకా నవ్వాడు. "అంటే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట" అన్నాడు. ఆయన బాధల్లా అదేనట. నా గేదె పోతుందని నేను చస్తుంటే ఈయన చేతుల గొడవ ఈయనది! గట్టిగా ఒక్కటి అనబోయాను. ఈలోగా ఆయన లేచి తెరచాప కొయ్య దగ్గరికి వెళ్ళి, చేత్తో బెత్తె పెట్టి కొలిచాడు. సందూ బెత్తెడే, కొయ్యా బెత్తెడే.

"తలల మీద కూర్చోబెట్టాల్సిన దూలాన్ని తలల మధ్య కూర్చోబెడదాం అమ్మాయ్" అన్నాడు. "అటు వాసాలు అటు ఆనతాయి, ఇటువి ఇటు ఆనతాయి. గుంజలు ఇంకా వెనక్కి పోకుండా అడ్డంగా మూడు కట్లు బిగిద్దాం. ఏ గాలికీ లేవదు."

తలుపుకి ఆరు రోజులు. ఒరుగు: సున్న. గేదె నడుమ ఉంది.

కప్పు పూర్తయింది. నాచు పలకలు చూరుదాకా పరిచాం. మా ఆయనా నేనూ అడ్డకట్టు పట్టుకుని వేలాడి ఊగి చూశాం, చీమంతైనా కదల్లేదు. పైనుంచి నలభై బిందెలు కుమ్మరిస్తే కింద ఒక్క చుక్క పడలేదు. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. దారిన పోయే పడవలు ఆపి మరీ చూస్తున్నారు.

ఇక మిగిలింది గుండు నిబంధన. గుంజలు ఆరూ వాలి ఉన్నాయి. కప్పుకి దానివల్ల ఏ ప్రమాదమూ లేదు, కానీ కాగితానికి ఆ మాట ఎవరు చెబుతారు? తలుపులు పడేలోగా పీకి కట్టే వీలూ లేదు.

నిజం చెప్పేద్దామన్నాడు మా ఆయన. "నిజం చెప్తే గేదె పోతుంది" అన్నాను.

"మరి అబద్ధం చెప్తావా?"

"అబద్ధం ఎందుకు? ఆయన తూర్పున చూసేటప్పుడు గేదె అడ్డం రాకుండా పడమట ఉంటుంది. పడమట చూసేటప్పుడు అడ్డం రాకుండా తూర్పున ఉంటుంది. అధికారి పనికి పశువు అడ్డం రాకూడదు కదండీ, మర్యాద."

మా ఆయన నన్ను పెళ్ళినాటి నుంచీ ఎరుగును గనక తవుడు తట్ట తేవడానికి లేచాడు. ఆచారిగారు మాత్రం, "గుండు అబద్ధమాడదు" అన్నాడు మళ్ళీ, ఈసారి కన్ను గీటుతూ.

తలుపుకి మూడు రోజులు. ఒరుగు: కింద రాస్తాను, చాలా ఉంది.

పది గంటలకి ధనుంజయ వచ్చాడు. చంకలో రిజిస్టరు, చేతిలో మెరిసిపోతున్న కొత్త గుండు. నీళ్ళు పోయించాడు, కారలేదు. కట్టు పట్టుకుని వేలాడాడు, ఊగలేదు. "బాగుందండి" అని ఒప్పుకున్నాడు. మనిషి బొమ్మలో చూసింది కళ్ళముందు నిలబడితే మెత్తబడ్డాడు.

"తూర్పునుంచి మొదలుపెట్టండి, గేదెని అటు పట్టుకుంటాను" అని రాజ్యాన్ని పడమటికి లాక్కెళ్ళాను. మూడు గుంజలకీ గుండు వేశాడు. మూడూ నిటారు. రాసుకున్నాడు.

"ఇప్పుడు పడమటివండి."

"అయ్యో, అడ్డం రానిస్తానా!" అని తలుగు పట్టుకుని తూర్పుకి బయల్దేరాను. సరిగ్గా నడుమకి వచ్చేసరికి రాజ్యం ఆగిపోయింది. మోకాళ్ళు మడిచింది. పడుకుంది. ఒకసారి మూలిగి తోక ఎత్తింది. నాకు అర్థమైపోయింది, నొప్పులు. పది రోజుల్నుంచి ఎదురుచూస్తుంటే, దీనికి ఇప్పుడే దొరికిందా ముహూర్తం!

ఈనే గేదెని లేపలేం. అది నడుమ ఉంటే పడమటి గుంజలు వాలి కనబడతాయి. ధనుంజయ గుండు దారం విప్పుతున్నాడు. నేను గొంతెత్తి, "భూలోకమ్మా! గేదె ఈనుతోందే! అందర్నీ తీసుకురా, తూర్పునుంచి రా!" అని కేకేశాను. మా ఆయనకి నా ఎత్తు అందింది. ఆయన జీవితంలో మొదటిసారి చెప్పకుండానే పరుగెత్తి తూర్పు అంచున నిలబడ్డాడు, డెబ్భై ఎనిమిది కిలోలు. భూలోకమ్మ వచ్చింది, తొంభై ఆరు. ఆవిడ ఇద్దరు కోడళ్ళు, మొగుడు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఆచారిగారు తూర్పు చూరు కిందకి తోశాడు.

"ఇక్కణ్ణించి ఏటీ కనపట్టంలేదొదినా! అటొస్తా!" అంది భూలోకమ్మ.

"అక్కణ్ణించి కదిలావంటే జన్మలో జున్ను పెట్టను!" అన్నాను. నిలబడిపోయింది.

నా వేళ్ళమీద లెక్క వేసుకున్నాను. రాజ్యానికి సమానం కావడానికి ఇంకా యాభై కిలోలు తక్కువ. ఇంకెవరూ లేరు. నేను రాజ్యం దగ్గరనుంచి కదలలేను, దూడ కాళ్ళు కనబడుతున్నాయి.

ధనుంజయ పడమటి గుంజకి గుండు వేలాడదీశాడు. ఊగి, ఊగి, నిలిచింది. గుంజకి బొటనవేలంత ఎడం.

అతను గుండు వంక చూశాడు. తర్వాత తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత తలెత్తి తూర్పు అంచున ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడ్డ అయిదుగురినీ చూశాడు. అందరూ ఒకేసారి ఆకాశం వంక చూశారు. ఒక చెయ్యి రాజ్యం వీపుమీద పెట్టుకుని అతని నోటి వంకే చూస్తున్నాను. ఒక్క మాట అంటే ఇద్దరూ పోతారు, తల్లీ పిల్లా.

"ఆచారిగారూ, కాస్త ఇది పట్టుకుంటారా?" అన్నాడు. గుండు దారం ఆయన చేతికిచ్చి, "కదుల్తున్నానండీ" అని నిదానంగా నడుచుకుంటూ వెళ్ళి భూలోకమ్మ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు చూడండి."

గుండు జరిగి గుంజకి ఆనింది. "నిటారు" అన్నాడు ఆచారిగారు. మిగతా రెండు గుంజలకీ అక్కణ్ణించే చూడమని, అక్కణ్ణించే రాసుకున్నాడు.

"నేనూ ఇక్కడ పుట్టినవాణ్ణేనండి" అన్నాడు నా వంక చూసి. "నా కాళ్ళకి తెలీదనుకున్నారా? తూర్పున చూస్తున్నప్పుడే తెలిసింది. గుంజ గుండుకి నిలవాలని రాశారు, గేదె ఎక్కడ నిలవాలో రాయలేదు. కప్పు గట్టిగా ఉంది. నాకంతే కావాలి."

ఈలోగా దూడ బయటికి జారింది. నల్లగా, తడిగా, చెవులు వేలాడేసుకుని. పెయ్యదూడ. రాజ్యం దాన్ని నాకడం మొదలుపెట్టింది.

అందరూ నవ్వుతున్నారు, నేను నవ్వలేకపోయాను. రిజిస్టరు ఇంకా తెరిచే ఉంది. తెప్పకి ఒక్క పశువు. మూడు రోజుల్లో దీని కోసం పడవ వస్తుంది, ఆ తర్వాత మళ్ళీ ఆ అరుపులు. నేను ఎవర్నీ ఎప్పుడూ బతిమాలలేదు. ఇవాళ లేచి, చేతులు తుడుచుకుని, "బాబూ..." అన్నాను. బాబూ అన్నాను, ఆఫీసర్ని.

అతను చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. "దూడ బరువెంతండీ?"

తూచాం. ముప్ఫై ఒకటి.

"ఈ తెప్పమీద రాజ్యం అటు నిలబడితే ఇటు ఏదో ఒకటి ఉండాలి కదండీ. రోజూ భూలోకమ్మగారిని పిలవలేరు" అన్నాడు. చాలాసేపు రాశాడు. రాసి, ముద్ర వేసి, కాగితం నా చేతిలో పెట్టి, జున్ను పంపిస్తానంటే లంచం అవుతుందని చెప్పి పడవెక్కాడు.

కాగితంలో పశువులు అన్న గడిలో పాతదే ఉంది, ఒకటి. దూడని ఆ గడిలో రాయలేదు. దాని కింద తూకపు రాళ్ళు అన్న గడిలో రాశాడు. తెప్ప కింద కట్టే రాళ్ళు ఒకసారి ఆ గడిలో ఎక్కాయంటే సంఘం ప్రెసిడెంటు వచ్చినా ముట్టుకోవడానికి లేదు. మా కాలనీలో అంతకంటే గట్టి చట్టం లేదు.

అందరికీ వినబడేలా గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "తూకపు రాయి, ఒకటి. ముప్ఫై ఒక్క కిలోలు. నలుపు. పెరుగును." అక్కడ ఆగి దూడ వంక చూశాను. కాగితం భూలోకమ్మ లాక్కుని, మిగిలిన ఒక్క మాటా తనే చదివింది.

"కదల్చరాదు."